ఎవర్ని తీయొద్దమ్మా?

ఆయన పోయాడని ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది, కిటికీలోంచి చూశాను. పైన 'అశ్రునివాళి' అని, కింద ఆయన ముఖం. ఎవరో ఫోన్లో తీసినదాన్ని పెద్దది చేయబోయి సాగదీశారు, చెవులు రెండూ చెరోవైపు పోయాయి. చుట్టుపక్కల కాలనీల్లో సగం పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసిన మనిషి తనది మంచి ఫొటో ఒక్కటి లేకుండా పోయాడు. పక్క సీట్లో ఆవిడ "అయ్యో, మా చెల్లెలి పెళ్ళికి ఈయనే తీశాడు" అంది. నాకు అయ్యో అనిపించలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సు వనస్థలిపురం దాటి హయత్‌నగర్‌లో నేను దిగేదాకా ఆ మంట దిగలేదు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఎవరికీ తెలియదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు 'ఫొటో మాస్టారు' అనేవాళ్ళు, మేము 'ఫొటో సారు' అనేవాళ్ళం. పొట్టి మనిషి. ఎండాకాలమైనా వానాకాలమైనా తెల్ల పొట్టి చేతుల చొక్కా, దాన్ని ప్యాంటులోకి దోపి బెల్టు. కెమెరా పట్టీ మెడకు ఒరుసుకోకుండా కింద చేతిరుమాలు మడిచి పెట్టుకునేవాడు. మిగతా ఫొటోగ్రాఫర్లు నవ్వండి నవ్వండి అని మనల్ని చంపుతారు కదా, ఆయన ఆ మాట ఏనాడూ అనలేదు. ఎడమ చెయ్యి పైకెత్తి చూపుడు వేలు చూపించేవాడు. అందరూ ఆ వేలి వంక చూసేవాళ్ళు. వేలు మడిచాడంటే ఫొటో పడ్డట్టు. మా కాలనీ పిల్లలు పెళ్ళాట ఆడుకుంటే ఒకడు తప్పకుండా వేలు మడిచేవాడు.

జరగండి అని కూడా అనేవాడు కాదు. మోచేత్తో జరిపేవాడు. పెళ్ళికొడుకు మేనమామ అయినా, పట్టు పంచె కట్టుకున్న కార్పొరేటర్ అయినా ఆయన మోచెయ్యి ముందు ఒకటే. ఇంకొకటి, మొదటి బంతిలో భోజనానికి కూర్చునేవాడు. ఏ ఊళ్ళోనైనా ఫొటో తీసేవాడు చివరి బంతిలో, సాంబారు అడుగంటాక తింటాడు. ఈయన మాత్రం మగపెళ్ళివారి పెద్దల పక్కనే విస్తరి ముందు కూర్చుని, గారె ఇంకొకటి వేయమనేవాడు. ఒకసారి ఒక వియ్యంకుడికి కోపం వచ్చి, మా కంటే ముందు నువ్వేందయ్యా అని అడిగాడు. ఆకలితో ఉన్నవాడి కంటికి అందరూ ఆకలిగానే కనపడతారండీ, మీ మొహాలు బాగుండాలనే తింటున్నాను అన్నాడట. అని ఇంకో గారె తిన్నాడట.

ఇవన్నీ చెప్పుకుని నవ్వేవాళ్ళం. ఇప్పుడు చెప్తుంటే నాకు నవ్వు రావడం లేదు.

నా పెళ్ళి కుదిరిన ఏడు తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీదే ఉన్నారు. ఏ రోజు బందో, ఏ రోజు బస్సులు తిరుగుతాయో తెలియదు. ముహూర్తం పెట్టించడానికి పోతే పంతులు కూడా పంచాంగం పక్కన పేపరు పెట్టుకుని కూర్చున్నాడు. మాది పోచంపల్లి పక్క ఊరు. మా నాన్న మగ్గం వదిలి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. నేను డిగ్రీ చదువుతుండగా పోయాడు. ఆ తర్వాత దుకాణం మీదా ఇంటి మీదా మా మీదా పెత్తనం బాబాయిది.

బాబాయి గురించి కూడా చెప్పాలి. పొద్దున దుకాణం తెరిచి, పదకొండింటికల్లా ఎల్బీనగర్ టెంటు కింద దీక్షలో కూర్చునేవాడు. మెడలో గులాబీ కండువా. మాటకారి. ఆత్మగౌరవం అనే మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే టెంటు కింద చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ మాట నాకూ ఇష్టమే. కానీ అదే మనిషి పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు మా అమ్మ ఎదురొస్తే చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చేవాడు. కుర్చీలో కూర్చుని, గ్లాసు మంచినీళ్ళు తాగి, కాసేపు ఆగి అప్పుడు పోయేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. వదినె అంటే గౌరవం కదా. కొన్నాళ్ళకు ఆయన బయలుదేరే వేళకు అమ్మే పెరట్లోకి పోవడం మొదలుపెట్టింది. అవసరం లేకపోయినా అంట్లగిన్నెలు మళ్ళీ తోమేది.

ఫొటోగ్రాఫర్‌ని వెతకడానికి అమ్మ, నేను, బాబాయి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదున్న స్టూడియోలన్నీ తిరిగాం. ఎక్కడికి పోయినా ముందర దిండంత మందం ఆల్బమ్ ఒకటి పడేసేవాళ్ళు. పెళ్ళికూతురు తామరపువ్వులో, పెళ్ళికొడుకు చందమామ మీద, అత్తామామలు ఎక్కడో మంచుకొండల నడుమ పట్టుబట్టల్లో చలికి వణక్కుండా నవ్వుతూ. బాబాయికి ఒకటి నచ్చింది. కౌంటర్ మీద జై తెలంగాణ స్టిక్కర్ అంటించుకున్న స్టూడియో అది. మన పిల్లగాడు, మన మాట, వీనికే ఇద్దాం అన్నాడు. నాకు అభ్యంతరం లేదు, ఆ మంచుకొండలు లేకపోతే చాలు.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. ఇది కావాలె అని ఏనాడూ అడగని మనిషి, ఎల్బీనగర్‌లో ఫొటో సారు ఉన్నడు గద, ఆయన్నే పెట్టుకుందాం అంది. వెనకింటి వాళ్ళ పెళ్ళిలో చూసిందట. బాబాయి మొహం మాడింది.

"మన లగ్గంల ఆంధ్రాయన ఎందుకు వదినె? మనోళ్ళకు ఫొటోలు తీసుడు రాదా?"

"ఏ ఊరాయనైతేంది. చెప్పిన మాట వింటడట."

ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను అప్పటికి చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఊరంతా మీరు మేము అని విడిపోయి ఉన్నప్పుడు, బడికి పోని మా అమ్మ మనిషి పనితనం చూస్తోంది, జిల్లా చూడట్లేదు అనుకున్నాను. ఆ మాట నా స్నేహితురాళ్ళకు కూడా చెప్పుకున్నాను. బాబాయి ఆడపిల్ల పెళ్ళిలో గొడవెందుకని ఊరుకున్నాడు.

ఎల్బీనగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో ఒకటే గది ఆయన స్టూడియో. దాన్ని పరదా కట్టి రెండు చేశాడు. గోడ మీద ఒక్క పెళ్ళి ఫొటో లేదు. శాంపిల్ చూపియ్యుండ్రి అని బాబాయి అడిగితే లేదన్నాడు. శాంపిల్ లేకుండా ఎట్ల నమ్మాలె అంటే, "రేపు మీ అమ్మాయి పెళ్ళి ఆల్బమ్ ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి ఇక్కడ కూర్చుని తిరగేస్తే మీకు బాగుంటుందాండీ" అని ఎదురడిగాడు. నాకు ఆ మనిషి అక్కడే నచ్చేశాడు. అది తలుచుకుంటే ఇంకా మండుతుంది.

తర్వాత ఆయన పద్ధతి మొదలైంది. ఒక్కొక్కళ్ళే పరదా వెనక్కి రండి అన్నాడు. పెళ్ళికి ఏమేం తీయాలో నాకు తెలుసు, అది మీరు చెప్పక్కర్లేదు, ఇంకేదన్నా చెప్పుకునేది ఉంటే లోపలికొచ్చి చెప్పండి, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పను అన్నాడు. ఆల్బమంటే పెళ్ళి కాదండీ, పెళ్ళయ్యాక ఇరవయ్యేళ్ళు ఇంట్లో కొట్లాట రాకుండా చూసే పుస్తకం అని కూడా అన్నాడు. బాబాయి పోయాడు, వచ్చాడు. అమ్మ పోయింది, వచ్చింది. తర్వాత నన్ను పిలిచాడు. లోపల ఒక స్టూలు, ఒక టేబుల్ ఫ్యాను. ఆయన నిలబడే ఉన్నాడు.

"ఎవర్ని తీయొద్దమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. ప్రతి ఇంట్లో ఆల్బమ్‌లో కనపడకూడని మనిషి ఒకరుంటారు. ఆస్తి గొడవ పెట్టుకున్న తోడల్లుడు, నాన్నగారి రెండో ఆవిడ, ఎవరో ఒకరు. పెళ్ళికి పిలవక తప్పదు, పిలిస్తే వస్తారు, వస్తే ఫొటోకి నిలబడతారు. వాళ్ళ మనసు నొప్పించకుండా వాళ్ళని ఆల్బమ్‌లోకి రానీయకుండా చూడడం నా పని. ఎవరో చెప్పు.

"అందర్ని తియ్యిండ్రి సార్" అన్నాను. "ఒక్కర్ని గూడ ఇడిసిపెట్టొద్దు."

ఆయన సరేనమ్మా అన్నాడు.

పెళ్ళి రోజు బందు. మగపెళ్ళివారు నల్గొండ నుంచి ముందు రోజే డీసీఎం వ్యానులో వచ్చి సరూర్‌నగర్ చెరువు దగ్గర ఫంక్షన్ హాల్లో దిగారు కాబట్టి బతికిపోయాం. మేళంవాళ్ళు సగం మందే వచ్చారు. ఫొటో సారు మాత్రం రెండు సంచులు భుజాన వేసుకుని ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చాడు. దారిలో కుర్రాళ్ళు ఆపి ఏ ఊరని అడిగితే, లగ్గానికి పోతున్నానయ్యా, ముహూర్తం మించిపోతుంది అన్నాడట. పెళ్ళి అనకుండా లగ్గం అన్నందుకు వదిలిపెట్టారట. ఈ సంగతి వచ్చీ రాగానే బాబాయికే చెప్పి, మొదటి బంతి ఎప్పుడని అడిగాడు.

పీటల మీద నాన్న స్థానంలో బాబాయి, పిన్ని కూర్చున్నారు. కన్యాదానం వాళ్ళే చేశారు. అమ్మ వంటింటి వైపు స్తంభం దగ్గర, పసుపు బుట్టలకు అటువైపు నిలబడి ఉంది. అక్కడ నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే కొందరు ఎక్కడ నిలబడాలో మన ఇళ్ళల్లో వాళ్ళకు తెలిసిపోతుంది, అదే నాకు ఒళ్ళు మండే సంగతి. జీలకర్ర బెల్లం అయింది, పుస్తె కట్టడం అయింది. తలంబ్రాలు అయ్యేదాకా ఓపిక పట్టాను. వరసగా జంటలు వచ్చి అక్షింతలు వేసి ఫొటోకి నిలబడుతున్నారు. నేను లేచి నిలబడి, అమ్మని పిలువుండ్రి అన్నాను. ఎవరూ కదల్లేదు. మేళం ఆగి ఉంది. అమ్మా నువ్వు రాకుంటే నేను ఈడికెళ్ళి కదల అని అరిచాను.

రాదనుకున్నాను. వచ్చింది. అందరూ చూస్తుండగా మెట్లెక్కి వచ్చి నా పక్కన నిలబడింది. ఒక పెద్దావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. బాబాయి ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నాన్న పోయాక ఆమె ముఖం అంత తేటగా ఉండగా నేను చూడలేదు. ఫొటో సారు ముందుకొచ్చి వేలెత్తాడు. మడిచాడు. ఫ్లాష్ మెరిసింది. నేను ఇంకొకటి అన్నాను. మళ్ళీ మెరిసింది. అమ్మ తలంబ్రాలు అంటిన నా జుట్టు సవరించి దిగి వెళ్ళిపోయింది. గెలిచాను అనుకున్నాను. టెంటు కింద ఇంత గొంతు చించుకునే మా బాబాయి ఎదుట, నా అత్తగారి తరఫు అంత మంది ఎదుట, గెలిచాను.

ఆల్బమ్ రావడానికి నెలలు పట్టింది. సమ్మెల వల్ల ప్రింటింగ్ ఆగిందన్నారు. వచ్చిన రోజు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాను. అందరూ ఉన్నారు. వంటవాళ్ళు ఉన్నారు. పీటల దగ్గర నిద్రపోయిన చుట్టాల పిల్ల ఉంది. అమ్మ లేదు. స్తంభం దగ్గర నిలబడ్డది లేదు, నా పక్కన నిలబడ్డది లేదు. వీడియో పెట్టి చూస్తే ఆ సమయానికి మండపం పైకప్పు పూలు తిరుగుతున్నాయి, వెనక పాట. వీడియో తీసింది కూడా ఆయన మనిషే. చుట్టాలు ఫోన్లలో తీసినవేమన్నా ఉన్నాయా అని అందరినీ అడిగాను. అమ్మ మెట్లెక్కుతుండగానే అందరూ ఫోన్లు దింపేశారట.

ఆ రోజే పోయాను. మధ్యాహ్నం, సందులో ఎవరూ లేరు. ఆయన కుర్చీలో కూర్చుని లెన్సు తుడుచుకుంటున్నాడు.

"మా అమ్మ ఫొటో ఏది సార్?"

"లేదమ్మా."

"ఫ్లాష్ వచ్చింది. నా కండ్లతోని చూసిన."

"ఫ్లాష్ వచ్చింది. ఫొటో పడలేదు."

నాకు అర్థం కాలేదని తెలిసి కెమెరా తీసుకున్నాడు. నాకు గురిపెట్టి ఎడమ చేతి వేలెత్తి మడిచాడు. కళ్ళు జిగేల్‌మన్నాయి. కెమెరా తిప్పి వెనక చిన్న తెర చూపించాడు. అందులో నేను లేను. ఫ్లాష్ వెనకాల ఒక చిన్న బటన్ ఉంటుందట, అది నొక్కితే వెలుగు మాత్రమే వస్తుందట. ఉత్త ఫ్లాష్ అంటాం అన్నాడు. వద్దన్నవాళ్ళు వచ్చి నిలబడితే పొమ్మనలేను కదా, నిలబెడతాను, వేలు మడుస్తాను, వాళ్ళు ఫొటో పడిందనుకుని సంతోషంగా పోతారు, ఎవరికీ అవమానం లేదు అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు. తన పనితనం గురించి చెప్తున్నట్టే చెప్పాడు.

"ఎవరు వద్దన్నరు? మా బాబాయే గద?"

"అది చెప్పనమ్మా."

"నేను అందర్ని తియ్యమన్న. పెండ్లి నాది."

"తీయమని అందరూ అంటారమ్మా. తీయొద్దని చెప్పడానికి మనిషి తనలో తను చాలా దూరం నడిచి రావాలి. నేను ఆ మాటే వింటాను."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గు లేదా అన్నాను, నీ ఇంట్ల అమ్మ లేదా అన్నాను, దీని కంటే బజారుల తాళాలు రిపేరు చేసుకున్నా గౌరవంగ బతికెటోనివి అన్నాను. ఆయన అంతా విన్నాడు. చివర్లో లేచి గ్లాసులో నీళ్ళు ఇచ్చాడు. నేను తాగలేదు. కాదని అనలేదు, అవునని అనలేదు కాబట్టి బాబాయే అని నాకు రూఢి అయిపోయింది.

ఆ రోజు నుంచి బాబాయితో మాటల్లేవు. ఎందుకని ఆయనా అడగలేదు. అడిగితే చెప్పాల్సిన సంగతులు తన వైపే చాలా ఉన్నాయని తెలుసేమో. రాష్ట్రం వచ్చిన రోజు దుకాణం ముందు టపాకులు కాల్చి అందరికీ స్వీట్లు పంచాడు. మా ఇంటికి కూడా ఒక డబ్బా వచ్చింది. తిరిగి పంపించేశాను. రాష్ట్రం వచ్చినందుకు నాకు సంతోషమే. ఆ డబ్బా ఆయన చేతిది కావడమే నాకు నచ్చలేదు. అమ్మని నా దగ్గరికి హయత్‌నగర్ తెచ్చుకున్నాను. మధ్యలో బాబాయి పోతే రెండోరోజు పోయి వచ్చాను, ఏడుపు రాలేదు.

ఫొటో సారు మాత్రం నన్ను వదల్లేదు. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికి పోయినా ఆయనే. మొదటి బంతిలో గారెలు, మోచెయ్యి, మడతపెట్టిన రుమాలు. ఆయన వేలు మడిచిన ప్రతిసారీ నాకు అనుమానమే, ఇది నిజమైనదా, ఉత్తదా అని. వేదిక మీద ఎవరు నిలబడ్డా ఆయన కుడిచేతి వంకే చూసేదాన్ని, ఆ బొటనవేలు ఎక్కడుందో అని. మీర్‌పేట్‌లో ఒక పెళ్ళిలో దొరికిపోయాడు. అంచు లేని చీర కట్టుకున్న ఒక ముసలావిడ పెళ్ళికొడుకు పక్కన నిలబడింది, నాయనమ్మ కాబోలు. ఆయన బొటనవేలు ఫ్లాష్ వెనక్కి పోయింది. మెరిసింది. నేను కింద నుంచే గట్టిగా, ఫొటో పడలేదు పెద్దమ్మా, ఉత్తగ మెరిపిస్తున్నడు, మళ్ళ తీపిచ్చుకో అన్నాను.

నలుగురూ తిరిగి చూశారు. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గబగబా దిగి పోయింది. ఫొటో సారు నా దగ్గరికి వచ్చాడు. ఆయన గొంతు పెంచగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఆవిడ మాట ఆవిడది. మధ్యలో మీరెవరమ్మా?"

దొరికిపోయిన దొంగ ఉక్రోషం అనుకున్నాను. ఇంకో నాలుగు మాటలు అనే వచ్చాను.

అదీ ఆయనతో నా పరిచయం. అందుకే ఫ్లెక్సీ చూసి వచ్చాక, అమ్మ టీ ఇస్తుంటే చెప్పాను, మన ఫొటో సారు పోయిండట, పీడ వదిలింది అని. అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"గాయన్ని ఏమనకు బిడ్డ."

"ఎందుకనొద్దు? నిన్ను లేకుండ చేసినోడు గాదు?"

"నేనే చెప్పిన ఆయనకు."

నాకు ముందు వినబడనట్టే అనిపించింది. అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆ రోజు పరదా వెనక్కి పోయి, నన్ను తియ్యకుండ్రి సార్, అల్బంల నేను కనబడొద్దు అని చెప్పిందట. వెనకింటి వాళ్ళ దగ్గర ఆయన పద్ధతి విని, ఆయన్ని పెట్టుకుందామని పట్టుబట్టింది కూడా అందుకేనట, ఇంకెవరైనా అయితే బిడ్డ అడిగితే కరిగి ఫొటో తీస్తారని. ఎందుకట్ల చెప్పినవ్ అని అడిగాను.

"నేను చెప్పకుంటే మీ బాబాయి చెప్తుండె. వాడు గాకుంటే మీ అత్తగారోళ్ళు. ఒకళ్ళు చెప్పినంక పక్కకు పోతే నన్ను జరిపినట్టు. ముందుగాల నేనే చెప్పుకుంటే, నేనే జరిగినట్టు."

"బాబాయి చెప్పలేదా మరి?"

"నాకేం తెల్సు. చెప్పే పనే పడలే గద వానికి."

ఇన్నేళ్ళు బాబాయి మీద పెట్టుకున్న కోపం నాకు కాసేపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన చెప్పి ఉండకపోవచ్చు. చెప్పాల్సిన అవసరం లేకుండా చేసుకున్నాడు, పొద్దున్నే లోపలికొచ్చి తాగిన ఆ గ్లాసు మంచినీళ్ళతో. ఆత్మగౌరవం అని ఊరు ఊరంతా అరుస్తున్న రోజుల్లో మా ఇంట్లో ఒక మనిషికి మిగిలిన గౌరవం అంతా ఇంతే. ఎవరో తీసెయ్యకముందే తనను తాను తీసేసుకోవడం.

"మరి నేను పిలిస్తే ఎందుకొచ్చినవమ్మా? నీ ముఖం సూస్తే నవ్వు. నా భుజం మీద చెయ్యి ఏసినవ్."

"ఫొటో రాదని నాకు తెల్సు గద" అంది అమ్మ. "ఆయన వేలు మడుస్తడు, మెరుస్తది, ఏం పడదు. ఎవ్వరికి ఏ అరిష్టం గాదు. అందుకే నిమ్మలంగ నిలబడ్డ. కడుపునిండ నిలబడ్డ."

నేను లేచి వంటింట్లోకి పోయాను, మళ్ళీ వచ్చాను. ఆ ముఖం, నాన్న పోయాక అంత తేటగా నేను చూసిన ఆ ఒక్క ముఖం, ఎక్కడా పడదని తెలిసినందువల్ల అంత తేటగా ఉంది. అది తెలిసిన మనిషి ఈ లోకంలో అమ్మ కాక ఆయనొక్కడే. కెమెరా కన్నుతో అంత దగ్గర్నుంచి చూశాడు. రెండోసారి ఇంకొకటి అని నేను అడిగాను కూడా. బొటనవేలు అక్కడ కాక చూపుడు వేలు ఇక్కడ నొక్కితే అయిపోయేది. అమ్మకు తెలిసేది కాదు, బాబాయికి తెలిసేది కాదు, ఆల్బమ్‌లో పెట్టొద్దు, నాకొక్కదానికి ఇస్తే చాలు. ఏ అరిష్టం వచ్చేదో నేను చూసుకునేదాన్ని. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడట. ఇట్లాంటి మాటలు నిలబెట్టుకునే పెద్దమనుషుల వల్లే కదా అమ్మలు స్తంభాల వెనక ఉండిపోతున్నది.

"నువ్వు చెప్తే ఆయన ఏమన్నడు?"

"ఏమంటడు? సరేనమ్మా అన్నడు."

నాకూ అదే అన్నాడు. అందర్నీ తీయమన్న నాకూ సరేనమ్మా, నన్ను తీయొద్దన్న మా అమ్మకూ సరేనమ్మా. ఎందుకమ్మా అని ఆమెను ఒక్క మాట అడగలేదు.

అమ్మ లేచి చీర మార్చుకుని వచ్చింది. వాళ్ళింటికి పోయి ఆయన భార్యను పలకరించి వస్తానంది, తోడు రమ్మంది. నేను రాను అన్నాను. గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"సచ్చిపోయినోళ్ళ మీద కోపం పెట్టుకోకు బిడ్డ."

"బతికున్నోళ్ళ మీద పెట్టుకోనిస్తున్నవా నువ్వు?" అన్నాను.

అమ్మ రోడ్డు మీదికి పోయి, ఎల్బీనగర్‌కు ఆటో మాట్లాడుకుని ఒక్కతే ఎక్కి వెళ్ళిపోయింది.